డి విటమిన్ లోపం: ఏ జబ్బుకు ఎంత సంబంధం, గుళిక లెక్క ఎలా, ఎండ ఏ వేళకి

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో రక్తపరీక్ష చేయించుకుంటే డి విటమిన్ వరుస దగ్గర ‘తక్కువ’ అని రావడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ అంకె చూడగానే మోకాళ్ల నొప్పులు, జుట్టు రాలడం, షుగరు, నీరసం, నిద్ర పట్టకపోవడం అన్నీ దాని నెత్తినే పెడుతున్నారు. పక్కింటివాళ్లు వాడిన గుళికే తెచ్చుకుని వాడేస్తున్నారు. డి విటమిన్ తగ్గితే ఎముకకూ కండకూ జరిగే హాని నిజం, దానికి మందూ ఉంది. మిగతా జబ్బుల్లో చాలావాటి పక్కన ఈ లోపం కనిపిస్తుంది గానీ, వాటికి కారణం అదే అనడానికి రుజువు చాలదు. ఈ తేడా తెలియకపోతే రెండు విధాలా నష్టం. అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది, లేదా గుళికలు మోతాదు మించిపోతాయి.

రిపోర్టు ఎలా చదవాలి

ముందు పరీక్ష పేరు చూడండి. ఒంట్లో నిల్వ ఎంతుందో చెప్పేది ‘25 హైడ్రాక్సీ విటమిన్ డి’. ‘1,25 డైహైడ్రాక్సీ’ అనేది వేరే పరీక్ష. అది కిడ్నీలో తయారయ్యే చురుకైన రూపాన్ని కొలుస్తుంది. లోపం బాగా ఉన్నప్పుడు కూడా అది మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువగా కూడా కనిపిస్తుంది. కాబట్టి లోపం ఉందో లేదో తేల్చడానికి పనికిరాదు.

తర్వాత కొలమానం. మన ల్యాబుల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తారు. విదేశాల్లో చేయించిన రిపోర్టులు లీటరుకు నానోమోల్స్‌లో ఉండొచ్చు. వాటిని రెండున్నరతో భాగిస్తే మన లెక్కలోకి వస్తుంది. అక్కడ 50 అని ఉంటే ఇక్కడ 20 అన్నమాట. ఇది గమనించక, 50 నుంచి 20కి పడిపోయిందని కంగారుపడేవాళ్లు ఉంటారు.

నానోగ్రాముల లెక్కలో 12 కంటే తక్కువైతే స్పష్టమైన లోపం, ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. 12కీ 20కీ మధ్య ఉంటే చాలదు. 20 దాటితే ఎక్కువమందికి ఎముకల అవసరం తీరుతుంది. చాలా రిపోర్టుల్లో 30 కంటే తక్కువ వస్తే ‘సరిపోదు’ అని అచ్చువేస్తారు. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2011లో పెట్టిన గీత అది. అదే సంస్థ 2024లో ఆ గీతను తానే వదిలేసింది, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయించవద్దని కూడా చెప్పింది. అందుకని 24 వచ్చి, ఒంట్లో ఏ బాధా లేకపోతే దాన్ని జబ్బుగా చూడనక్కర్లేదు. 100 దాటితే మాత్రం మందు ఎక్కువైందని గుర్తు. 150 దాటితే విషంగా మారే స్థాయి.

ఈ పరీక్షకు పరగడుపున వెళ్లక్కర్లేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే మాత్రం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల డి విటమిన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. లోపం ఉన్నా లేనట్టు కనిపిస్తుంది.

ఒంట్లో బాధ ఉండి, అంకె కూడా 12 లోపే వస్తే డి ఒక్కటే చూసి ఊరుకోవద్దు. క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), వీలైతే పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి హార్మోను) కూడా కలిపి చేయించమని డాక్టరును అడగండి. ఆల్కలైన్ ఫాస్ఫటేస్, పీటీహెచ్ పెరిగి ఉంటే లోపం ఎముకను నిజంగానే తినేస్తోందని అర్థం. క్యాల్షియం ఎక్కువగా ఉంటే దారి పూర్తిగా వేరు. అప్పుడు గుళిక మొదలుపెట్టకూడదు, ముందు కారణం వెతకాలి.

ఎముక, కండ: ఇక్కడ సంబంధం నూటికి నూరుపాళ్లు నిజం

డి విటమిన్ చేసే ముఖ్యమైన పని పేగులోంచి క్యాల్షియాన్ని రక్తంలోకి లాగడం. అది తగ్గితే తిన్న క్యాల్షియం ఒంటికి పట్టదు. రక్తంలో క్యాల్షియం పడిపోతే గుండె, నరాలు పనిచేయలేవు. అందుకని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి క్యాల్షియం తీసి రక్తానికిస్తుంది. నెలల తరబడి ఇలా జరిగితే పెద్దవాళ్లలో ఎముక మెత్తబడుతుంది. దీన్నే ఆస్టియోమలేసియా అంటారు.

దీని నొప్పికి ఒక తీరు ఉంది. ఒక్క మోకాలో ఒక్క భుజమో కాకుండా నడుము, తుంటి, తొడలు, పక్కటెముకలు ఏ చోట అని చెప్పలేనట్టు సలుపుతాయి. ముంగాలి ఎముకను బొటనవేలితో నొక్కితే కలుక్కుమంటుంది. గొంతుక్కూర్చుని లేవాలంటే చేతి ఊతం కావాలి, మెట్లెక్కాలంటే రెయిలింగు పట్టుకోవాలి. నడక బాతులా అటూఇటూ ఊగుతుంది. తొడ కండలు బలహీనపడటమే ఇందుకు కారణం. ఈ లక్షణాలుండి అంకె కూడా బాగా తక్కువగా ఉంటే వైద్యంతో మార్పు స్పష్టంగా తెలుస్తుంది. నీరసం కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఎముక నొప్పి పోవడానికి నెలలు పడుతుంది. రెండు గుళికలకే తగ్గలేదని ఆపేయడం తొందరపాటు.

అలా కాకుండా ఒకే మోకాలు వాచి, మెట్లు దిగేటప్పుడు నొప్పి వస్తుంటే అది ఎక్కువగా అరుగుదల. పొద్దున లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోతే కీళ్లవాతం అయ్యే అవకాశం ఉంది. కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కి, అరికాళ్లు మండుతుంటే బీ12, షుగరు చూడాలి. వీటిలో డి కూడా తక్కువ రావచ్చు, గుళిక వేసుకోవచ్చు, కానీ నొప్పి దానితో పోదు. పల్నాడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగినవాళ్లు వెన్ను, మెడ బిగుసుకుపోతుంటే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. ఫ్లోరోసిస్ ఎముక నొప్పిని డి లోపమనుకుని సరిపెట్టుకోవడం తేలిక. క్యాల్షియం తక్కువ తినేవాళ్లలో ఫ్లోరైడ్ చేసే చెడు ఇంకా ఎక్కువ.

పిల్లల్లో లోపం ముదిరితే రికెట్స్. మణికట్టు లావెక్కుతుంది, నడక ఆలస్యమవుతుంది, నడిచాక దొడ్డికాళ్లు కనిపిస్తాయి. పసిబిడ్డల్లో క్యాల్షియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. తల్లిపాలు అన్నిటికీ మేలైనవే గానీ వాటిలో డి విటమిన్ చాలా తక్కువ. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. నూనె మర్దన చేసి పొద్దున్నే లేత ఎండలో పడుకోబెట్టామని ఈ చుక్కలు మానేయవద్దు. సీసా మీద మిల్లీలీటరుకు 400 యూనిట్లో 800 యూనిట్లో తప్పక చూడండి. రెండు రకాలూ అమ్ముతారు. సీసా మారినప్పుడు పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది లేదా సగమవుతుంది. రికెట్స్‌కు వైద్యం మొదలుపెట్టి మూడు నెలలైనా ఎక్స్‌రేలో మార్పు లేకపోతే అది మామూలు లోపం కాకపోవచ్చు. ఒంట్లోని ఫాస్ఫరస్ మూత్రంలో పోయే రకాలుంటాయి, పిల్లల డాక్టరు మళ్లీ చూడాలి.

షుగరు, గుండె, క్యాన్సర్, క్షయ, దిగులు

ఈ జబ్బులున్నవాళ్లలో డి తక్కువగా ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. అయితే ఏది ముందు వచ్చిందన్నది ప్రశ్న. ఒళ్లు లావైతే డి విటమిన్ కొవ్వులోకి చేరిపోయి రక్తంలో తగ్గుతుంది. ఆ లావు వల్లే షుగరూ వస్తుంది. జబ్బుతో ఇంట్లో పడుకున్నవాళ్లు ఎండకు వెళ్లరు కాబట్టి వాళ్లకూ తగ్గుతుంది. నిజం తేలాలంటే కొందరికి విటమిన్, కొందరికి ఉత్త గుళిక ఇచ్చి ఏళ్లపాటు చూడాలి. అలా చూశారు కూడా.

అమెరికాలో 25,871 మందితో నడిచిన ‘వైటల్’ పరిశోధనలో సగంమందికి రోజుకు 2,000 యూనిట్లు అయిదేళ్లకు పైగా ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు, క్యాన్సర్ రావడం తగ్గలేదు, దిగులు తగ్గలేదు. 2022లో చెప్పిన ఫలితంలో ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బులు మాత్రం 22 శాతం తక్కువగా వచ్చాయి. ఇందులో ఒక మెలిక ఉంది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమందికి అసలు లోపమే లేదు. కాబట్టి 8 ఉన్నవాళ్లకు ఏమవుతుందో ఇది చెప్పదు. సరిపడా ఉన్నవాళ్లు ఇంకా మింగితే లాభం లేదని మాత్రం గట్టిగా చెబుతుంది.

లోపం ఉన్నవాళ్ల మీద చేసింది మంగోలియాలో ఉంది. క్షయ అంటకుండా ఆపుతుందేమోనని అక్కడ 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్లపాటు వారం వారం 14,000 యూనిట్లు ఇచ్చారు. దాదాపు అందరికీ లోపం ఉంది, అంకెలు పెరిగాయి కూడా. క్షయ అంటడం మాత్రం తగ్గలేదని 2020లో తేలింది.

షుగరు సంగతి కొంచెం వేరు. షుగరు వచ్చే అంచున ఉన్న 2,423 మందికి రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చి చూసిన 2019 పరిశోధనలో తేడా లెక్కకు నిలిచేంత రాలేదు. అలాంటి పరిశోధనలు మూడింటిని కలిపి చూస్తే కొద్దిపాటి మేలు కనిపించింది. అందుకే ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాల్లో షుగరు అంచున ఉన్నవాళ్లకు నడక, తిండి మార్పులతో పాటు డి ఇవ్వవచ్చన్నారు. షుగరు వచ్చేసినవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకుని మందులు తగ్గించుకోకూడదు.

థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య), జుట్టు రాలడం ఉన్నవాళ్లలోనూ డి తక్కువ కనిపిస్తుంది. లోపం ఉంటే సరిచేసుకోండి, దానితో ఆ జబ్బు పోతుందని మాత్రం ఎదురుచూడవద్దు. జుట్టు రాలే ఆడవాళ్లు ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ చూపించుకోవడం మంచిది.

60,000 గుళిక: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే

మన మందుల షాపుల్లో డి అంటే చేతికిచ్చేది 60,000 యూనిట్ల కొలెక్యాల్సిఫెరాల్. గుళికగానో, పాలలో కలుపుకునే పొడిగానో, చిన్న సీసాలో ద్రవంగానో ఉంటుంది. మూడూ ఒకటే మందు. పెద్దవాళ్లలో స్పష్టమైన లోపానికి డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాస్తారు. వారానికి 60,000 అంటే సగటున రోజుకు 8,570 యూనిట్లు. 8 వారాలకు 4,80,000. ఇది లోటు పూడ్చే మోతాదు, ఎల్లకాలం వాడేది కాదు.

చీటీలో ‘వారానికొకటి’ అని ఉన్నదాన్ని ‘రోజుకొకటి’ అని వాడేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవే కావడంతో ఇదీ ఆ డబ్బాలోకే చేరిపోతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని రోజువారీ మాత్రల పక్కన పెట్టకండి. ఆదివారం మధ్యాహ్నం అని ఒక వేళ పెట్టుకుని, గోడ క్యాలెండరులో ఎనిమిది ఆదివారాలకు సున్నా చుట్టి, వేసుకున్నాక కొట్టేయండి. ఒక వారం మరచిపోతే గుర్తొచ్చిన రోజు ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి కాదు.

మధ్యాహ్నమే ఎందుకంటే, డి కొవ్వులో కరిగే విటమిన్. నూనో నెయ్యో ఉన్న పూర్తి భోజనం తర్వాత వేసుకుంటే బాగా పడుతుంది. పొద్దున్నే పరగడుపున కాఫీతో వేసుకుంటే తక్కువ పడుతుంది.

ఎనిమిదీ అయ్యాక ఆపేసి ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి అంకె మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే లోపానికి కారణమైన బతుకు తీరు మారలేదు. నెలకు ఒక 60,000 గుళికో, రోజుకు 1,000 నుంచి 2,000 యూనిట్ల చిన్న మాత్రో డాక్టరును అడిగి కొనసాగించాలి. నెలకు ఒకటి అంటే రోజుకు 2,000తో సమానం. మళ్లీ పరీక్ష మూడు నెలల తర్వాతే. ముందే చేయిస్తే స్థిరపడని అంకె వస్తుంది, డబ్బు వృథా.

అమెరికా నుంచి పిల్లలు పంపే సీసాలున్న ఇళ్లు విజయవాడ, గుంటూరుల్లో తక్కువేం కాదు. వాటి మీద మైక్రోగ్రాములు ఉంటాయి. 1 మైక్రోగ్రాము 40 యూనిట్లు. ‘125’ అని ఉంటే 5,000 యూనిట్లు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 దాటకూడదన్నది భారత వైద్య పరిశోధనా మండలి పెట్టిన హద్దు. ఆ సీసాలోది రోజూ వేసుకుంటూ, ఇక్కడ వారానికో 60,000, దానితోపాటు డి కలిసిన క్యాల్షియం మాత్ర కూడా వాడేవాళ్లు మూడూ కలిపి లెక్క వేసుకోవాలి.

6 లక్షల యూనిట్ల ఇంజెక్షను అడిగి వేయించుకునే అలవాటు మానాలి. ఆస్ట్రేలియాలో వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇస్తే పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయని 2010లో బయటపడింది. అదే మొత్తాన్ని వారాల మీద పంచితే ఒంటికి మేలు.

మందు ఎక్కువైతే కనిపించేవి: ఆకలి పోవడం, వాంతులు, గట్టి మలబద్ధకం, విపరీతమైన దాహం, పదే పదే మూత్రం, పెద్దవాళ్లలో మాట తడబడి మతిమరుపులా ఉండటం. ఇవి కనిపిస్తే గుళికలు, క్యాల్షియం అన్నీ ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి క్యాల్షియం, క్రియాటినిన్ చూపించుకోండి. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి.

సొంతంగా మొదలుపెట్టకూడనివాళ్లు

కిడ్నీ జబ్బున్నవాళ్లు మొదటివాళ్లు. వాళ్లలో డిని చురుకైన రూపంలోకి మార్చే శక్తే తగ్గి ఉంటుంది, మందు రకమే వేరు కావచ్చు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం లాంటి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవాళ్లు క్రియాటినిన్ చూడకుండా ఒక్క గుళికైనా వేసుకోవద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, సార్కాయిడోసిస్ (ఎక్కువగా ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు, క్షయకు మందులు వాడుతున్నవాళ్లు, గుండెకు డిగాక్సిన్, బీపీకి థయజైడ్ రకం మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు కూడా డాక్టరును అడిగే వాడాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్, కార్బమజెపిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లలో డి త్వరగా ఖర్చయిపోతుంది. వాళ్లకూ, బాగా లావున్నవాళ్లకూ మామూలు మోతాదు చాలకపోవచ్చు.

ఎండ: నీడ చూసి వేళ తెలుసుకోండి

ఇంత ఎండలుండే ఊళ్లో లోపమేమిటని అందరూ అడుగుతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలోనే మన రాష్ట్రంలో పల్లెల్లోనూ పట్నాల్లోనూ లోపం కనిపించింది, పట్నంలో మరీ ఎక్కువ. ఎండ ఉండటం వేరు, అది చర్మానికి తగలడం వేరు. పొద్దున అయిదింటికి లేచి రాత్రి పదింటిదాకా ట్యూబులైట్ల కింద చదివే రెసిడెన్షియల్ కాలేజీ పిల్లలు, బీసెంట్ రోడ్డు షాపుల్లో పనిచేసేవాళ్లు, స్కార్ఫు, గ్లోవ్స్ వేసుకుని బండి మీద వెళ్లే ఆడవాళ్లు, అపార్టుమెంటు దాటని పెద్దవాళ్లు, వీళ్లెవరి చర్మానికీ ఎండ తగలదు. అద్దంలోంచి వచ్చే ఎండలో డి తయారుచేసే కిరణాలుండవు, కాబట్టి కారులో, కిటికీ దగ్గర కూర్చున్నా లాభం లేదు.

లేత ఎండ మంచిదన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. ఒంటికి హాయి నిజమే. డి కోసమైతే ఆ వేళ పనికిరాదు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు యూవీ‑బీ అనే డి తయారుచేసే కిరణాలు గాలి పొరల్లోనే ఆగిపోతాయి. ప్రకాశం బ్యారేజీ మీద ఆరింటి నడక గుండెకు మంచిది, డికి కాదు.

మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉందా? అయితే డి బాగా తయారయ్యే వేళ. విజయవాడ, గుంటూరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16 డిగ్రీల దగ్గరున్నాయి కాబట్టి ఈ వేళ మనకు ఏడాది పొడుగునా దొరుకుతుంది. డిసెంబరులో సుమారు 10:40 నుంచి 1:30 దాకా. మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో తొమ్మిదింబావు నుంచి మూడు దాకా. మే నెలలోనైతే తొమ్మిదికే మొదలవుతుంది. కాబట్టి రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం నిలబడి వడదెబ్బ తెచ్చుకోనక్కర్లేదు, తొమ్మిదీ పదీ మధ్య చాలు. చలికాలంలో డాబా మీద వడియాలు పెట్టే వేళే మనకూ సరిపోతుంది.

మోచేతులు, పిక్కలు, వీలైతే వీపు తగిలేలా 20 నుంచి 30 నిమిషాలు, వారంలో నాలుగైదు రోజులతో మొదలుపెట్టండి. చర్మం నలుపైతే ఇంకొంచెం సేపు కావాలి. వయసు మళ్లినవాళ్ల చర్మంలో తయారీ తగ్గుతుంది. చర్మం చురుక్కుమనకముందే నీడలోకి రావాలి, ముఖానికి టోపీయో గొడుగో పెట్టుకున్నా ఫరవాలేదు. ఎండ వల్ల డి ఎప్పుడూ మితిమీరదు, చర్మమే ఆపేస్తుంది. అయితే అంకె 8, 10 ఉన్నవాళ్లు ఎండ ఒక్కదానితో పూడ్చుకోవాలని చూడవద్దు, ముందు గుళిక, తర్వాత నిలుపుకోవడానికి ఎండ.

పళ్లెంలో డి తక్కువే, క్యాల్షియం మాత్రం చూసుకోవాలి

పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. గుడ్డు పచ్చసొనలో దాదాపు 40. నీలంరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తున్న పాలలో లీటరుకు 200 నుంచి 300, అంటే గ్లాసుకు 50 నుంచి 75. ఆ గుర్తున్న నూనె 20 గ్రాములు కూరల్లో పడితే సుమారు 100. కవళ్లు, కనగుర్తలు లాంటి నూనె ఉన్న సముద్రపు చేపల్లో ఇంకా ఉంటుంది. అన్నీ కలిపినా 600 చేరడం కష్టం.

క్యాల్షియం మాత్రం తిండిలోంచే రావాలి, అది లేకుండా డి ఒక్కటీ ఎముకను కట్టలేదు. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1,200. మనం కడుపునిండా తినే తెల్లన్నంలో 100 గ్రాముల బియ్యానికి 8 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే 100 గ్రాముల రాగుల్లో సుమారు 360, తోటకూర, మునగాకుల్లో 300 పైన. గ్లాసు పాలు లేదా పెరుగులో దాదాపు 250 నుంచి 300. పూటకు ఒక గ్లాసు పెరుగు, వారంలో నాలుగు రోజులు రాగి సంకటో జావో, రెండు రోజులు మునగాకు పప్పు, నువ్వుల పొడి ఒక చెంచా, ఇలా చూసుకుంటే చాలామందికి క్యాల్షియం మాత్ర అక్కర్లేదు.

మాత్ర వాడాల్సివస్తే, క్యాల్షియం కార్బొనేట్ భోజనంతోనే వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం 4 గంటల ఎడం, ఐరన్ మాత్రకు 2 గంటలు. పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర, వెంటనే టిఫినుతో క్యాల్షియం వేసుకుంటే థైరాయిడ్ మందు పేగులోనే ఆగిపోతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే పరీక్ష) ఎందుకు పెరిగిందో తెలియక మోతాదు పెంచుకుంటూ పోతారు. క్యాల్షియాన్ని రాత్రి భోజనానికి మార్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోండి.